చంద్రయానానికి పట్టే కాలం
భూమికి సగటున 3,84,400 కిలోమీటర్ల దూరంలో ఉన్న చంద్రుణ్ణి చేరే వ్యవధి దూరం కంటే రాకెట్ శక్తిపైనా, ఎంచుకున్న మార్గంపైనా ఎక్కువగా ఆధారపడుతుంది. 1969 జూలై 16న బయలుదేరిన అపోలో-11 మహాబలమైన శాటర్న్-5 రాకెట్ తోడ్పాటుతో నాలుగు రోజుల్లోనే చంద్రతలాన్ని చేరింది. 2023 జూలై 14న శ్రీహరికోట నుంచి ఎగసిన చంద్రయాన్-3 భూకక్ష్యలో ప్రవేశించడానికి సుమారు 16 నిమిషాలే పట్టినా, దాన్ని మోసిన ఎల్‌వీఎం-3కు అంతటి బలం లేనందున, వ్యోమనౌక భూమికి అతి చేరువగా వచ్చే బిందువైన పెరిజీ వద్ద తన ఇంజన్‌ను మండించుకుంటూ, దీర్ఘవృత్తాకార కక్ష్యను విడతలవారీగా పెంచుకుని, ఆగస్టు 1న చంద్రుని దారి పట్టి, 5న చంద్రకక్ష్యను అందుకుంది. ఇంధనాన్ని ఇంత పొదుపుగా వాడుకోవడం నిస్సందేహంగా ఇస్రో నైపుణ్యానికి నిదర్శనం. సౌరఫలకాలకు వెలుగు అవసరం కాబట్టి, దిగవలసిన చోట సూర్యోదయమయ్యే ఆగస్టు 23నే ల్యాండర్‌ను దించారు.