సాసేజి విషం నుండి సూదిమందు దాకా: బొటులినమ్ టాక్సిన్ చరిత్ర

మోతాదు మీరితే మందు విషమవుతుంది. మోతాదు తెలిస్తే విషం మందవుతుంది. ఈ మాటకు బొటులినమ్ టాక్సిన్‌ను మించిన ఉదాహరణ అరుదు. 'బొటాక్స్' అనగానే నేటి పాఠకులకు సినీతారల ముడతలు లేని నుదురు గుర్తుకు వస్తుంది. కాని ఈ ఔషధం అందం కోసం పుట్టలేదు. మొదట మెల్లకన్నుకూ, ఆ వెంటనే తమ అదుపు తప్పిన కండరాలతో బాధపడే రోగులకూ ఇది ఉపయోగపడింది.

దక్షిణ జర్మనీలోని వుర్టెంబర్గ్ ప్రాంతంలో పంది పేగుల్లో రక్తమాంసాలు కూరి, ఉడికించి, పొగబెట్టి నిలవచేసే సాసేజిలు తిని జనం మరణించేవారు. జస్టినస్ కెర్నర్ అనే వైద్యుడు ఈ మరణాలను శ్రద్ధగా పరిశీలించాడు. ఆయన కవి కూడా. 1822లో ప్రచురించిన గ్రంథంలో 155 మంది రోగుల వివరాలను పొందుపరచాడు. కనురెప్పలు వాలిపోవడం, వస్తువులు రెండుగా కనిపించడం, మింగుడుపడకపోవడం, చివరకు ఊపిరి ఆగిపోవడం, అంతసేపూ రోగికి స్పృహ ఉండడం ఆయన గుర్తించాడు. ఆ విషాన్ని కొద్దిగా తన మీదనే ప్రయోగించుకొని చూశాడు. అది నరాల సంకేతాలను అడ్డగిస్తుందని ఊహించి, అతి స్వల్ప మోతాదులో ఇస్తే కాళ్లూ చేతులూ వాటంతటవే ఆడే 'కొరియా' వంటి జబ్బులకు పనికిరావచ్చునని సూచించాడు. ఆ ఊహ నిజం కావడానికి నూటయాభై ఏళ్లకు పైగా పట్టింది.

1895లో బెల్జియంలోని ఎల్జెల్ గ్రామంలో ఒక అంత్యక్రియల విందులో పంది మాంసం తిన్న వాద్యబృందం వారు జబ్బుపడగా, ముగ్గురు మరణించారు. ఎమిల్ వాన్ ఎర్మెంగెమ్ ఆ మాంసం నుండి, గాలి తగలని చోట పెరిగే సూక్ష్మజీవిని వేరుచేశాడు. లాటిన్‌లో 'బొటులస్' అంటే సాసేజి. ఆ పేరే దీనికి స్థిరపడింది.

ఇక ఇది పనిచేసే తీరు. నరం చివర చిన్న చిన్న సంచులలో అసిటైల్‌కోలిన్ అనే రసాయనం ఉంటుంది. మెదడు నుండి ఆజ్ఞ రాగానే ఆ సంచులు నరం అంచుకు అతుక్కొని రసాయనాన్ని విడుదల చేస్తాయి, కండరం ముడుచుకుంటుంది. ఈ విడుదలనే టాక్సిన్ ఆపుతుందని 1949లో లండన్‌లో బర్గెన్ బృందం నిరూపించింది. సంచిని అతికించడానికి అవసరమైన 'స్నాప్-25' అనే ప్రోటీన్‌ను 'ఎ' రకం టాక్సిన్ కత్తెరవలె కత్తిరిస్తుందని 1990లలో తేలింది. నరం చావదు. కొద్ది నెలలలో సంధి మళ్లీ పనిచేస్తుంది. అందుకే దీని ప్రభావం శాశ్వతం కాదు.

అమెరికాలో ఎడ్వర్డ్ షాంట్జ్ ఈ టాక్సిన్‌ను శుద్ధమైన స్ఫటికరూపంలో తయారుచేశాడు. ఆ పని మొదలైనది యుద్ధకాలపు జీవాయుధ పరిశోధనలో. శాన్‌ఫ్రాన్సిస్కోలోని నేత్రవైద్యుడు ఆలన్ స్కాట్ మెల్లకన్నుకు శస్త్రచికిత్స లేని మార్గం వెదకుతూ ఆయనను ఆశ్రయించాడు. కోతులపై చేసిన ప్రయోగాలను 1973లోను, మనుషులపై ఫలితాలను 1980లోను స్కాట్ ప్రకటించాడు. 1979లో షాంట్జ్ సిద్ధం చేసిన 150 మిల్లీగ్రాముల టాక్సినే 1997 వరకు ఔషధ తయారీకి సరిపోయిందంటే దాని శక్తి ఊహించుకోవచ్చును. 1989లో అమెరికా ప్రభుత్వం మెల్లకన్నుకూ, కనురెప్పలు బిగుసుకుపోయే బ్లెఫరోస్పాజమ్‌కూ దీనిని అనుమతించింది. 2000లో మెడ డిస్టోనియాకు అనుమతి లభించింది. ముడతలకు అనుమతి వచ్చినది ఆ తరువాత, 2002లో.

డిస్టోనియాలో దోషం మెదడులో ఉంటుంది. ఈ సూది మెదడును సరిచేయదు. మా ఇబ్రహీంపట్నం పెద్దచెరువు పొంగినప్పుడు ఆ పొంగును మనం ఆపలేము, కాని ఒక పొలానికి పోయే తూము మూస్తే ఆ పొలం మునగకుండా ఉంటుంది. ఇదీ అంతే. అతిగా బిగుసుకునే కండరాన్ని గుర్తించి, దానికే కొలిచి ఇస్తారు. కొద్ది రోజులలో ఫలితం మొదలై, సుమారు మూడు నెలలు నిలుస్తుంది. ఆపై మళ్లీ వేయించుకోవాలి.

మన పల్లెలలో మెడ ఒకవైపుకు తిరిగిపోయిన మనిషిని చూసి 'గాలి సోకింది' అంటారు. కళ్లు మూసుకుపోయే స్త్రీని 'నటిస్తున్నది' అంటారు. కలం పట్టగానే వేళ్లు మెలితిరిగే గుమాస్తాను సోమరి అంటారు. నా సర్వీసులో ఇటువంటివారిని భూతవైద్యుల దగ్గర తిప్పి, అప్పులు చేసిన కుటుంబాలను చూశాను. ఇవి నరాల జబ్బులు. వీటికి చికిత్స ఉన్నది. సాగర్ రోడ్డు మీదుగా హైదరాబాదు దూరమేమీ కాదు. అక్కడి పెద్దాసుపత్రుల న్యూరాలజీ విభాగంలో చూపించుకోవాలి.

కొన్ని జాగ్రత్తలు మరువరాదు. పార్కిన్సన్ జబ్బులోని నడక మందగింపు దీనివలన తగ్గదు. మెడకు సూది వేసిన తరువాత మింగడం కష్టమైతే, గొంతు మారితే, ఊపిరి ఇబ్బందిగా ఉంటే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. మయస్థీనియా ఉన్నవారు, గర్భిణులు, పాలిచ్చే తల్లులు ఆ సంగతి ముందే చెప్పాలి. ఒక కంపెనీ మందు యూనిట్లు మరొక కంపెనీ యూనిట్లతో సమానం కావు. కాబట్టి ప్రతిసారీ ఏ మందు, ఎన్ని యూనిట్లు వేశారో చీటీలో రాయించుకొని భద్రపరచుకోవాలి. బ్యూటీపార్లర్లలో తక్కువ ధరకు వేస్తామంటే నమ్మి వెళ్లకూడదు.

కెర్నర్ కాలంలో ప్రాణాలు తీసిన పదార్థమే నేడు ఒక మనిషి తలను నిటారుగా నిలబెడుతున్నది. కొలత తెలిసిన చేతిలో ఉన్నంతవరకే అది ఔషధం.