ఫిరంగి విద్య

మహేశ్వరమునకు ఉత్తరమున, హైదరాబాదు నగరమందు సరూర్‌నగరు దాపుననున్న గుట్టమీద ఫ్రెంచి సేనాని రేమండు సమాధి కలదు. జనులాతనిని ముసారామని పిలిచిరి. ముసారాంబాగు ఆ పేరననే వెలసినది. 1786లో నిజాం అలీఖాన్ కొలువున జేరి, ఫిరంగులు పోతపోయు కార్ఖానా నెలకొల్పినవాడితడే. ఆ తావు నేటికిని గన్‌ఫౌండ్రీ యనబడుచున్నది. ఇంత సన్నాహము చేసికొనిన రాజ్యము పండ్రెండేండ్లకే ఆ బలమునేల కోల్పోయెనో విచారింపవలసియున్నది.

ఫిరంగిని పోతపోయుట వేఱు, ప్రయోగించుట వేఱు. గుఱికిగల దూరమును గణించుట, మందు పాలెఱుగుట, గొట్టమునకు దగిన వాలొసగుట, ఇవి గణితము నేర్చి, ఏండ్లతరబడి ఆ పనియందే నిలిచినవారికిగాని అలవడవు. నేడు ఫిరంగి వద్దను, ఱేపు పన్ను వసూలునందును నియమింపబడు అధికారికిది పట్టుబడదు.

ఈ విద్య ఫలమును తెలుగువారు బొబ్బిలిలో చూచిరి. 1757 జనవరి 24వ తేదీని బుస్సీ ఫిరంగులు ఆ కోటగోడలను పడగొట్టెను. బుస్సీయొద్ద ఆఱితేఱిన ఇబ్రహీంఖాన్ గార్దీ తొలుత నిజాము పక్షమున నుండి, పిదప మరాఠాల జేరెను. 1760లో ఉద్గీరు యుద్ధమున ఆ విద్యయే నిజాము సేనపై ప్రయోగింపబడెను. నేర్చినవాడొక్కడు వెడలిపోగా నేర్పును వానివెంట వెడలెను.

రేమండు దళము సుమారు 14,000 మందికి పెరిగెను. కాని దానిని నడుపు పై అధికారులు ఫ్రెంచివారు. 1798 మార్చి 25న రేమండు మరణించెను. సెప్టెంబరు 1న నిజాము కుంపిణీతో సంధి చేసికొనెను. అక్టోబరు 22న, జీతములకై తిరుగబడియున్న ఆ దళమును ఆంగ్లేయులు చుట్టుముట్టి, యుద్ధము లేకయే నిరాయుధమొనర్చిరి. ఫ్రెంచివారి చోట ఆంగ్లేయాధికారులు వచ్చిరి.

1857 తిరుగుబాటు పిమ్మట, కొండ ఫిరంగి దళములవంటివి కొన్ని తప్ప, ఈ శాఖ భారతీయులకు మూయబడెను. 1935లో బెంగుళూరున మొదటి భారతీయ ఫీల్డు దళ మేర్పడినప్పుడుగాని ఆ తలుపు తెఱువబడలేదు. నేడు దేవలాలి పాఠశాలయం దధికారులును, 1962లో గోల్కొండయందు నెలకొన్న కేంద్రమున సైనికులును ఈ విద్య నభ్యసించుచున్నారు.

పనిముట్టును కొనవచ్చును, నేర్పరిని కొన్నాళ్లు కూలికి దెచ్చుకొనవచ్చును. మన బిడ్డలొక విద్యయందే చిరకాలము నిలిచి ఆఱితేఱుటకు వీలుకల్పింపనిచో, కొన్నదియు మనది కాదు. ఏ పరిశ్రమకు మూలధనము కూర్చునప్పుడైనను, దీనిని నేర్చి తరువాతివారికి నేర్పువా రెవరని ముందుగా ప్రశ్నింపుడని మా చదువరులకు మనవి.