ముగ్గురాయికి కొలత, పసివాడికి ముద్ర

కడప సీమలో, ఓబులవారిపల్లె దగ్గరి మంగంపేటలో దొరికేది ముగ్గురాయి. శాస్త్రం దాన్ని బెరైటీస్ అంటుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద నిక్షేపాల్లో అదొకటి. చమురు బావి తవ్వేటప్పుడు లోపలి వాయువు ఎగదన్నకుండా, బురదకు బరువివ్వడానికి ఈ పొడి కలుపుతారు. రాయి విలువంతా దాని బరువులోనే ఉంది. విశిష్ట సాంద్రత 4.20 ఉంటే ఒక శ్రేణి, తగ్గితే మరొకటి. రాయిని రెండు దశాంశాల దాకా కొలిచిన వ్యవస్థ, ఆ మిల్లుల దుమ్ములో పెరిగే బిడ్డను దేనితో కొలిచింది?

బిడ్డను కొలవడానికీ ఒక చరిత్ర ఉంది. 1905లో పారిస్‌లో ఆల్‌ఫ్రెడ్ బినే, సిమోన్‌తో కలిసి తయారుచేసిన పరీక్ష ఉద్దేశం మంచిదే. మామూలు చదువులో వెనకబడే పిల్లలను గుర్తించి తగిన సాయం చేయాలన్నది ఆయన తలంపు. బుద్ధి మార్పులేనిదన్న వాదాన్ని ఆయనే ఖండించాడు. ఆ పరీక్ష అమెరికా చేరి గొడ్డార్డ్ వంటివారి చేతుల్లో మనుషులను హెచ్చుతగ్గులుగా విడగొట్టే సాధనమైంది. సాయం కోసం పుట్టిన కొలత వర్గసమాజంలో ముద్రగా మారింది.

మన చట్టాల నడక చూద్దాం. 1952 నాటి గనుల చట్టాన్ని 1983లో సవరించి, 18 ఏళ్ళు నిండనివారిని గనిపనిలో పెట్టరాదన్నారు. 1975లో అంగన్‌వాడీ త్రాసు వచ్చింది. 1995 చట్టం 7 రకాల వైకల్యాలను గుర్తిస్తే, 2016 చట్టం 21 గుర్తించింది. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పుట్టుక లోపాలు, వ్యాధులు, పోషక లోపాలు, ఎదుగుదలలో జాప్యం వెతకమంది. ఇవన్నీ పోరాడి నిలుపుకోవలసినవే. అయితే అన్నీ బిడ్డ దేహంలో వెతికేవే. కూలికోసం ఊళ్ళు మారే తల్లిదండ్రులు, దుమ్ము, అప్పు, ఒకే అయ్యవారున్న బడి, వీటి లోపాలను రాసే గడి ఆ కాగితంలో ఏదీ?

కొలతే వద్దనడం కూడా పొరపాటే. నా తరగతిలో ఒక పిల్లవాణ్ణి ఏడాది పొడుగునా మొద్దు అన్నాను. చివరికి తేలింది, వాడికి నల్లబల్ల కనిపించడం లేదని. కళ్ళజోడు వచ్చాక వాడు చదివాడు. నా మాట మాత్రం వాడి మనసులో ఎన్నాళ్ళుందో నాకు తెలియదు. కొలవనిచోట కూడా ముద్ర పడుతుంది. అప్పుడది అయ్యవారి నోటితో పడుతుంది.

కాబట్టి తేల్చుకోవలసింది, ఎవరి పక్షాన కొలుస్తున్నామన్నది. 2015లో గనులు, ఖనిజాల (అభివృద్ధి, నియంత్రణ) చట్టానికి చేసిన సవరణతో జిల్లా ఖనిజ నిధి ఏర్పడింది. అందులో కనీసం 60 శాతం తాగునీరు, ఆరోగ్యం, విద్య, స్త్రీ శిశు సంక్షేమం, వికలాంగుల సంక్షేమం వంటి వాటికే వెచ్చించాలని అప్పటి నియమం. అంటే రాయి తెచ్చిన డబ్బులో బిడ్డకు వాటా ఉందని చట్టమే ఒప్పుకుంది. ఆ వాటా అడగడానికి పిల్లల అవసరాల లెక్క కావాలి. అక్కడ కొలత హక్కుకు ఆయుధమవుతుంది.

చలం ‘బిడ్డల శిక్షణ’లో పెద్దల దండనను నిలదీశాడు. మన సీమ కథ కరువును రాసింది, కక్షలను రాసింది. చివరి వరుసలో కూర్చుని నల్లబల్ల కనపడక తల దించుకున్న పసివాణ్ణి ఎంతమందిమి రాశాం? వాణ్ణి జాలికోసం కాక, వాడికి రావలసిన బాకీకోసం రాయాలి.