వాహక తరంగం వెనుక కంఠస్వరం: హామ్ రేడియోలో ఏ.ఎం. స్మృతి - చారిత్రక పరిశీలన

తెలుగు ప్రాంతాల రేడియో చరిత్ర అనగానే ప్రసార కేంద్రాల చరిత్రే స్ఫురిస్తుంది. వ్యక్తులు తమ ఇళ్లలోని యంత్రాలతో పరస్పరం సంభాషించిన హామ్ రేడియో ఆ చరిత్రలో దాదాపు కనిపించదు. హామ్‌లలో పాత ఏ.ఎం. వాచిక ప్రసారంపై నిలిచి ఉన్న మమకారాన్ని చారిత్రక ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

శ్రవణ నేపథ్యం

1935 ఫిబ్రవరి 3న హైదరాబాదులో 200 వాట్ల ప్రసారిణితో దక్కన్ రేడియో ప్రారంభమైంది. 1950 ఏప్రిల్ 1న అది ఆకాశవాణి పరిధిలోకి వచ్చింది. మెదక్ పట్టణంలో తరువాతి తరాలకు పరిచితమైన హైదరాబాదు కేంద్రపు 738 కిలోహెర్ట్జ్ మీడియం వేవ్ ప్రసారం కూడా ఏ.ఎం. పద్ధతిలోనిదే. రేడియో స్వరం ఎలా ఉండాలన్న శ్రోతల అంచనాను ఏర్పరచినది ఈ పద్ధతే.

మార్పుకు కారణాలు

ఏ.ఎం.లో వాహక తరంగంతోపాటు దానికి ఇరువైపులా రెండు సైడ్‌బ్యాండ్‌లు ప్రసారమవుతాయి. పూర్తి మాడ్యులేషన్‌లోనూ మొత్తం శక్తిలో మూడింట రెండు వంతులు వాహక తరంగానికే ఖర్చవుతుంది. మాటను మోసేవి సైడ్‌బ్యాండ్‌లు మాత్రమే. సింగిల్ సైడ్‌బ్యాండ్ పద్ధతి వాహకాన్ని, ఒక సైడ్‌బ్యాండ్‌ను తొలగించి శక్తినీ, పౌనఃపున్య స్థలాన్నీ ఆదా చేసింది. రెండవ ప్రపంచ యుద్ధానంతరం మిగులు సైనిక యంత్రాలతో ఏ.ఎం.లో మాట్లాడిన హామ్‌లు క్రమంగా ఈ కొత్త పద్ధతికి మారడానికి కారణమిదే.

కోల్పోయినది

ఈ లాభానికి చెల్లించిన మూల్యం సాంకేతిక గ్రంథాల లెక్కల్లోకి రాలేదు. షార్ట్‌వేవ్ ఉన్న సాధారణ గృహ రేడియోలో, తగిన పౌనఃపున్యం అందితే, ఏ.ఎం. హామ్ సంభాషణ స్పష్టంగా వినిపించేది. సింగిల్ సైడ్‌బ్యాండ్ సంభాషణ అదే రేడియోలో అర్థంకాని గరగరగా మారింది. వాహక తరంగాన్ని తిరిగి కలిపే ఏర్పాటు ఉన్న గ్రాహకం తప్పనిసరి కావడంతో యాదృచ్ఛిక శ్రోత ఆ సంభాషణకు వెలుపలే మిగిలిపోయాడు. కనుక ఏ.ఎం. మమకారం వాల్వుల వెచ్చదనం పట్ల మోజుగా మాత్రమే మిగలదు. ఎవరైనా వినగలిగిన మాట పట్ల బెంగ కూడా అవుతుంది.

ఈ బెంగకు ఒక హద్దు ఉంది. ఆపద వేళ ప్రధానమైనది స్వర మాధుర్యం కాదు, సందేశం చేరడం. 1983లో ఏర్పడిన హైదరాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోకు చెందిన భారతీ ప్రసాద్ బృందం 2004 డిసెంబరు సునామీ వేళ అండమాన్ నుండి సాగించిన సమాచార సేవ ఇందుకు నిదర్శనం. తక్కువ శక్తితో దూరం చేరగల పద్ధతుల విలువ అటువంటప్పుడే తెలుస్తుంది.

ముగింపు

సంభాషణలు గాలిలో కలిసిపోయినా, వాటిని ధ్రువీకరిస్తూ హామ్‌లు పంపుకున్న క్యూ.ఎస్.ఎల్. కార్డులు మిగిలాయి. పాత కార్డులపై ఏ.ఎం. వాచికానికి ‘ఏ3’, సింగిల్ సైడ్‌బ్యాండ్‌కు ‘ఏ3జె’ అన్న సంకేతాలు కనిపిస్తాయి. తేదీలతో కూడిన ఈ సంకేతాలను వరుసలో పెడితే, ఒక ప్రాంతంలో ఏ.ఎం. ఎప్పుడు వెనుకబడిందో నిర్ధారించవచ్చు. జ్ఞాపకం చెప్పే కాలాన్ని కార్డు సరిచూస్తుంది; కార్డు చెప్పలేని స్వరానుభవాన్ని జ్ఞాపకం పూరిస్తుంది. వృద్ధ హామ్‌ల ఇళ్లలోని కార్డులు పాత కాగితాలలో కలిసిపోకముందే జిల్లా స్థాయిలో వాటి సేకరణ, మౌఖిక చరిత్ర నమోదు జరగడం అవసరం.