డాక్టరు వెళ్ళిపోయాక ఎవరు?

మన సాఫ్ట్‌వేర్ జనాలకి నాలెడ్జ్ ట్రాన్స్‌ఫర్ అంటే ఏంటో కొత్తగా చెప్పక్కర్లేదు. ప్రాజెక్టు వదిలి వెళ్ళేవాడు రెండు వారాలు కూర్చోబెట్టి చెప్తాడు, మనం తలూపుతాం, వాడు వెళ్ళిన మర్నాడే సర్వర్ డౌన్ అవుతుంది. మన దగ్గర మహా అయితే క్లయింటు అరుస్తాడు. అడవిలో అయితే పసిపిల్లలు చచ్చిపోతారు. అందుకే భద్రాచలం అడవుల వైపు ఒకసారి చూద్దాం.

ఈ భద్రాచలం ఒకప్పుడు తూర్పుగోదావరి జిల్లాలో ఉండేది. 1959లో ఖమ్మంలో కలిపారు. 2014లో చింతూరు, కూనవరం లాంటి మండలాలు ఆంధ్రప్రదేశ్‌కి వెళ్ళాయి. 2016లో భద్రాచలం భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలోకి వచ్చింది. ఇన్నిసార్లు గీతలు మార్చారు గానీ దోమకి ఆ గీతలేవీ తెలియవు కదా! 2005లో ఛత్తీస్‌గఢ్‌లో సల్వాజుడుం మొదలయ్యాక వేలమంది గుత్తికోయలు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని సరిహద్దు దాటి ఖమ్మం అడవుల్లోకి వచ్చేశారు. కాగితాల్లేవు, తెలుగు రాదు. 2006 నుంచి వాళ్ళకోసం ఎం.ఎస్.ఎఫ్. అనే అంతర్జాతీయ వైద్య సంస్థ (1999లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది వీళ్ళకే) ఇక్కడ పనిచేసింది. రోడ్డు లేని చోటికి నడిచి వెళ్ళి, చెట్టు కిందే క్లినిక్కు పెట్టారు.

గొప్ప పనే, కాదనను. కానీ డాక్టరు వచ్చేది ఒక రోజు. జ్వరానికి ఆ లెక్క తెలియదుగా. ఫాల్సిపారం మలేరియా ఒకటి రెండు రోజుల్లో మెదడుకి ఎక్కేయగలదు. ఆ రాత్రి గూడెంలో ఉండేదెవరు? వేలిమీద సూది గుచ్చి, ఒక చుక్క రక్తం కిట్టు మీద వేసి, పావుగంట ఆగి గీతలు చూడటం ఎవరికి నేర్పారు? అసలు ప్రశ్న ఇదీ.

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. 1970ల్లో మెక్సికో కొండల్లో పనిచేసిన డేవిడ్ వెర్నర్ పల్లె జనంకోసం ఒక పుస్తకం రాశాడు. ఆయన డాక్టరు కాదు, జీవశాస్త్రం చదువుకున్నవాడు. ఆ పుస్తకాన్నే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ వాళ్ళు 'వైద్యుడు లేని చోట' అని తెలుగులో వేశారు. నెల్లూరులో పుచ్చలపల్లి సుందరయ్యగారి తమ్ముడు డాక్టర్ రామచంద్రారెడ్డిగారు తన ప్రజావైద్యశాలలో ఆపరేషన్లు చేస్తూ ఊరుకోలేదు, పల్లెల్లో వైద్యం చేసేవాళ్ళని పిలిచి శిక్షణ ఇచ్చారు.

ప్రభుత్వం కూడా ప్రయత్నించింది. 1977 అక్టోబరు 2న కేంద్రం వెయ్యిమందికి ఒక ఆరోగ్య కార్యకర్త పథకం మొదలుపెట్టింది. మూడు నెలల శిక్షణ, నెలకి 50 రూపాయల గౌరవ వేతనం. డాక్టర్ల సంఘాలు "దొంగ డాక్టర్లని తయారుచేస్తున్నారు" అని గొడవ పెట్టాయి. చివరికి పథకాన్ని పడగొట్టింది ఆ గొడవ కాదు. నేర్పి వదిలేశారు. మందులు సరిగ్గా అందలేదు, మళ్ళీ వచ్చి చూసిన నాథుడు లేడు. పేర్లు మాత్రం రెండుసార్లు మార్చారు! అచ్చం మన రెండు వారాల కేటీ లాగే.

మరి ఎక్కడా పనిచేయలేదా అంటే, చేసింది. భద్రాచలం నుంచి గోదావరి వెంట ఎగువకి వెళితే కాళేశ్వరం వస్తుంది. నది అవతల సిరొంచ, అంటే మహారాష్ట్ర గడ్చిరోలి జిల్లా. అదే అడవి, అదే పేదరికం. ఆ జిల్లాలోనే డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణీ బంగ్ దంపతులు 1980ల్లో స్థిరపడ్డారు. అంకెలు సరిగ్గా రాని వాళ్ళకి కూడా న్యుమోనియా గుర్తుపట్టడం నేర్పాలి. ఎలా? పూసల చట్రం ఒకటి, నిమిషం ఇసక గడియారం ఒకటి ఇచ్చారు. బిడ్డ పది ఊపిరులు తీస్తే ఒక పూస జరపాలి. ఇసక అయిపోయేలోపు చివరి పూస దాకా వచ్చేస్తే మందు వెయ్యాలి. ఇంతకన్నా మంచి యూజర్ ఇంటర్‌ఫేస్ నేనైతే చూళ్ళేదు.

తర్వాత 39 ఊళ్ళలో కొద్దిగా చదువుకున్న ఆడవాళ్ళకి పసికందుల సంరక్షణ నేర్పారు, యాంటీబయాటిక్ ఇంజక్షన్ ఇవ్వడంతో సహా. 1999లో లాన్సెట్‌లో ఫలితాలు వచ్చాయి. నవజాత శిశు మరణాలు 62 శాతం తగ్గాయి. ఇక్కడ డాక్టర్లు వదిలేసి పోలేదు, మళ్ళీ మళ్ళీ వచ్చి చూశారు, తప్పులు దిద్దారు. తేడా అంతా అక్కడే ఉంది.

ఛత్తీస్‌గఢ్‌లో 2002లో మొదలైన మితానిన్ పథకం ఇంకో అడుగు వేసింది. మితానిన్ అంటే స్నేహితురాలు. జనాభా లెక్కన కాకుండా ఒక్కో గూడేనికి ఒకరు అన్నారు. ముప్ఫై ఇళ్ళ గుంపులుండే అడవిలో వెయ్యిమందికి ఒకరంటే ఏం లాభం చెప్పండి? 2005లో వచ్చిన ఆశా కార్యకర్తలకి దారి చూపింది ఇలాంటి అనుభవాలే. ఇవాళ ఏజెన్సీలో జ్వరం వస్తే ముందు తలుపు తట్టేది ఆశా ఇంటిదే. ఆమె చేతిలో కిట్టు, మందు ఉన్నాయా లేవా అన్నదానిమీద ఒక ప్రాణం ఆధారపడి ఉంటుంది.

"మిడిమిడి జ్ఞానం ప్రమాదం" అనేవాళ్ళున్నారు. నిజమే, ఆర్ఎంపీలు స్టెరాయిడ్లు, సెలైన్లు ఇష్టమొచ్చినట్టు వాడటం మనం చూస్తూనే ఉన్నాం. కానీ దానికి విరుగుడు నేర్పకపోవడం కాదు. ఏం చెయ్యొచ్చో, ఎక్కడ ఆగి ఆస్పత్రికి పంపాలో గీత గీసి నేర్పడం, ఆ గీత దాటకుండా చూసుకోవడం.

మన ఆఫీసుల్లో మెడికల్ క్యాంపులకి చందాలు అడుగుతుంటారు, మనమూ ఇస్తుంటాం. ఇవ్వండి, వద్దనను. ఈసారి ఇచ్చేముందు రెండు ప్రశ్నలు వెయ్యండి. క్యాంపు ఎత్తేశాక ఆ ఊళ్ళో ఎవరికి ఏం నేర్పి వస్తున్నారు? ఆర్నెల్ల తర్వాత వాళ్ళని చూడ్డానికి ఎవరు వెళ్తారు? రెండోదానికి జవాబు లేకపోతే మాత్రం, 1977 పథకం సంగతి వాళ్ళకి గుర్తుచెయ్యండి.