ప్రపంచ మత్స్య ఉత్పత్తి: వేట, పెంపకం

సముద్రాల్లో, నదుల్లో, సరస్సుల్లో సహజంగా పెరిగిన చేపలను పట్టడం వేట. చెరువుల్లోనో పంజరాల్లోనో పిల్లలను వదిలి, మేత వేసి పెంచడం పెంపకం. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ లెక్కల ప్రకారం 2022లో చేపలు, రొయ్యలు, పీతలు, ఆల్చిప్పల వంటి జలచరాల ఉత్పత్తి 18.54 కోట్ల టన్నులు. అందులో పెంపకం వాటా 9.44 కోట్ల టన్నులు. పెంపకం వేటను దాటడం అదే మొదటిసారి. సముద్రనాచు వంటివి మరో 3.78 కోట్ల టన్నులు. వాటిలో అత్యధికం పెంచినవే.

సముద్ర వేట 1996లో 8.64 కోట్ల టన్నులతో శిఖరాన్ని తాకింది. ఆ తర్వాత పడవలు పెరిగాయి, యంత్రాలు మెరుగుపడ్డాయి, పట్టుబడి మాత్రం పెరగలేదు. మితిమీరి పట్టడంతో తరిగిపోతున్న నిల్వలు 1974లో దాదాపు పది శాతం. 2021 నాటికి 37.7 శాతం. అట్లాంటిక్ కాడ్ చేపలు అడుగంటిపోవడంతో కెనడా 1992లో న్యూఫౌండ్‌లాండ్ తీరంలో ఆ వేటను ఆపేసింది. వేలాది మందికి ఒక్కసారిగా పని పోయింది.

పెరూ అంచోవీ కథ వేరు. ఇది మన నెత్తళ్లకు చుట్టం. అడుగునుంచి పైకి ఉబికే చల్లటి నీటితో వచ్చే పోషకాలే ఆ తీరానికి బలం. 1970లో కోటి ఇరవై లక్షల టన్నులకు పైగా పట్టారు. 1972లో ఎల్‌నినో వచ్చి నీళ్లు వేడెక్కాయి. అప్పటికే అతివేటకు గురైన ఆ చేప కుప్పకూలింది. పట్టినదాంట్లో మనుషులు తిన్నది కొద్దే. అత్యధికం ఎండబెట్టి పొడిచేసి కోళ్లకు, పశువులకు మేతగా వాడారు. ఇప్పుడు చేపపొడికి పెద్ద గిరాకీ పెంపకం చెరువులదే. పెంపకం పెరిగితే కడలికి ఊరట అనుకోవడం అందుకే సగం నిజం.

ఆ సగం నిజమైనా ఎక్కడిదో చూడాలంటే కొల్లేరు చుట్టుపక్కల చెరువుల దగ్గరికి వెళ్లాలి. తవుడు, చెక్క కలిపి, చిల్లులు పెట్టిన గోతాల్లో నింపి, కర్రలకు కట్టి నీళ్లలోకి దించుతారు. శీలావతి, బొచ్చె ఆ చిల్లుల దగ్గర మూగి తింటాయి. వీటి మేతకు కడలిని తోడక్కర్లేదు. ఐసు పెట్టెల్లో సర్దిన ఆ చేపలు లారీలెక్కి బెంగాల్, అస్సాం చేరతాయి. రొయ్యల లెక్క వేరు: వాటి మేతలో చేపపొడి ఉంటుంది. 1990ల మధ్యలో తెల్లమచ్చ తెగులు కోస్తా చెరువులను ఊడ్చేసింది. ఇక్కడ 2009 తర్వాత టైగర్ రొయ్య స్థానంలోకి వచ్చిన వనామి పుట్టిల్లు మెక్సికో నుంచి పెరూ దాకా సాగే పసిఫిక్ తీరం.

పెంపకంలో చైనా వాటాకు దరిదాపుల్లో మరో దేశం లేదు. ఇండోనేషియా, భారత్, వియత్నాం, బంగ్లాదేశ్ వంటివి కలిపి పది దేశాల నుంచే దాదాపు 90 శాతం వస్తోంది. తలసరి వినియోగం 1961లో 9.1 కిలోలు, 2022లో 20.7 కిలోలు. ఆఫ్రికాలో ఈజిప్టును మినహాయిస్తే పెంపకం ఇంకా చిన్నదే.