రెడ్, గ్రీన్: అడా భాష ఎంపిక

1970వ దశకంలో అమెరికా రక్షణ శాఖ ప్రాజెక్టులలో 450కి పైగా ప్రోగ్రామింగ్ భాషలు, వాటి రూపాంతరాలు వాడుకలో ఉండేవి. ఒక విమానానికి రాసిన ప్రోగ్రాము మరోచోట పనికివచ్చేది కాదు. రాసినవారు ఉద్యోగం మారితే దాన్ని సరిదిద్దేవారు దొరకడం కష్టమయ్యేది. ఈ ఖర్చు భరించలేక 1975లో ఒక కార్యవర్గాన్ని నియమించారు.

కార్యవర్గం మొదట చేసిన పనిని మీరు ప్రత్యేకంగా గమనించాలి. తమకు ఎలాంటి భాష కావాలో రాసి, విమర్శకు పంపి, పలుమార్లు తిరగరాసింది. తొలి ముసాయిదాకు గడ్డిబొమ్మ అనే అర్థంలో స్ట్రామన్ అని పేరు. తర్వాత కొయ్య, తగరం, ఇనుము అయ్యాక 1978లో ఉక్కు, అంటే స్టీల్‌మన్ వచ్చింది. (పేర్లు పెట్టినవారు సరదా మనుషులే!) ప్రతి చరరాశి ఏ రకానిదో ప్రోగ్రాము నడవకముందే, కంపైల్ చేసే దశలోనే తేలిపోవాలని స్టీల్‌మన్ కోరింది. దీన్నే స్టాటిక్ టైపింగ్ అంటాం. ప్రోగ్రాము తర్వాతివారు చదివి మార్చడానికి వీలుగా ఉండాలని కూడా కోరింది.

ఉన్న భాషలేవీ పూర్తిగా సరిపోక, 1977లో నాలుగు సంస్థలకు కొత్త భాషల రూపకల్పన అప్పగించారు. ఏది ఎవరిదో పరీక్షకులకు తెలియకుండా గ్రీన్, రెడ్, బ్లూ, యెల్లో అని పేర్లు పెట్టారు. మీ జవాబు పత్రాలకు కోడ్ నంబరు వేయడం లాంటిదే ఇది. నాలుగూ పాస్కల్ ఆధారంగా తయారైనవే. 1978లో రెండు మిగిలాయి: ఇంటర్‌మెట్రిక్స్ సంస్థ రూపొందించిన రెడ్, ఫ్రాన్స్‌లో జాఁ ఇష్బియా బృందం రూపొందించిన గ్రీన్.

రెండూ స్టాటిక్ టైపు భాషలే కనుక ఆ గుణం పోటీలోకి రావడానికి అర్హత మాత్రమే అయింది. విజేతను అది తేల్చలేదు. విద్యార్థులు ఎక్కువగా పొరబడేది ఇక్కడే. 1979 మే నెలలో గ్రీన్‌ను ఎంచుకుని, అడా లవ్‌లేస్ పేరు మీద దానికి అడా అని పేరు పెట్టారు. భాషా ప్రమాణపత్రానికి ఇచ్చిన 1815 అనే సంఖ్య ఆమె పుట్టిన సంవత్సరమే.

విమర్శలూ వచ్చాయి. భాష మరీ పెద్దదైందని, ప్రాణాలతో ముడిపడిన పనులకు దాన్ని నమ్మలేమని టోనీ హోర్ 1980 ట్యూరింగ్ అవార్డు ప్రసంగంలో హెచ్చరించారు.

అడా తర్వాత యూరప్ రాకెట్లలోకీ ప్రవేశించింది. 1996 జూన్ 4న ఏరియాన్ 5 తొలి ప్రయోగంలో, 64 బిట్ల దశాంశ విలువను 16 బిట్ల పూర్ణాంకంగా మార్చే చోట సంఖ్య పట్టలేదు. రాకెట్ నిమిషంలోపే ముక్కలైంది. రకాలు సరిగ్గానే ఉన్నందున కంపైలర్‌కు తప్పు కనిపించలేదు. రెడ్‌ను ఎంచుకుని ఉన్నా కనిపించేది కాదని నా అభిప్రాయం. ఆ ప్రోగ్రాము ఏరియాన్ 4 కోసం రాసినది. ఆ రాకెట్ ప్రయాణాలలో ఆ విలువ ఎన్నడూ అంత పెరగలేదు.